కొడాలి కాదు, కొదాయ్

మా అమ్మాయి వియన్నాలో ఉద్యోగం చేస్తుంది. నేను రిటైరయ్యాక రెండోసారి దాని దగ్గరికి వెళ్లినప్పుడు, "ఈసారి నువ్వే చెప్పమ్మా, ఎక్కడికి పోదాం?" అంది. వెనిస్ అంటానో, స్విట్జర్లాండ్ అంటానో అనుకుంది. "కొడాలి గారి ఊరు చూద్దామే" అన్నాను. ఎవరో మా ఇరుగుపొరుగు వాళ్ల బంధువులనుకుని, "వాళ్లు ఇక్కడికెప్పుడొచ్చారు?" అని అడిగింది పాపం.

దాని తప్పేం లేదు. పదేళ్ల కిందట ఒక టీచర్ ట్రైనింగ్‌లో ఎవరో "పిల్లలకు పాట నేర్పడంలో కొడాలి పద్ధతి" అని చెప్తుంటే నేనూ కృష్ణా జిల్లా మాస్టారెవరో అనుకునే నోట్సు రాసుకున్నాను. తీరా చూస్తే ఆయన హంగేరీ దేశపు సంగీతకర్త. పేరు కొదాయ్ జోల్తాన్. అందులో కొదాయ్ ఇంటిపేరు. హంగేరీ వాళ్లు మనలాగే ఇంటిపేరు ముందు చెప్పుకుంటారు. యూరప్‌లో ఇంకెవరికైనా ఈ అలవాటుందేమో గానీ, నాకు మాత్రం అక్కడే సగం చుట్టరికం కలిసినట్టయింది.

మిగతా సగం కలవడానికి కారణం రైల్వే. మా నాన్న స్టేషన్ మాస్టరు. దొనకొండ, కంభం, గిద్దలూరు అంటూ ట్రాన్స్‌ఫర్ అయినప్పుడల్లా మేం మంచాలు, బిందెలు కట్టుకుని క్వార్టర్ మారేవాళ్లం. కొదాయ్ తండ్రి కూడా రైల్వే ఉద్యోగే. ఈయన 1882 డిసెంబర్ 16న పుట్టింది సాక్షాత్తూ కెచ్కెమేత్ రైల్వే స్టేషన్‌లో. ఈ సంగతి తెలిసినప్పటి నుంచీ ఆ స్టేషన్ చూడాలని నాకు కోరిక.

మొదటి రోజు: బుడాపెస్ట్

వియన్నా నుంచి బుడాపెస్ట్‌కి రైల్లో రెండున్నర గంటల పైచిలుకు. దారి పొడుగునా చదును నేల, గాలిమరలు. అక్టోబరు కాబట్టి పొద్దుతిరుగుడు చేలు అప్పటికే కోసేశారు. ఎదురు సీట్లో ఒక పెద్దావిడ నా చేతిలోని కాగితం చూసి "కొడాలి" అన్న నా ఉచ్చారణ విని నవ్వింది. ఎల్, వై పక్కపక్కన వస్తే వాళ్ల భాషలో "య" అట. నా చేత మూడుసార్లు అనిపించింది: కొదాయ్, కొదాయ్, కొదాయ్. మూడోసారికి తలూపింది. ఆవిడ కూడా టీచరే అయ్యుంటుందని నా అనుమానం.

మధ్యాహ్నం లిస్ట్ సంగీత అకాడమీకి వెళ్లాం. టికెట్ కొంటే గైడ్ లోపలంతా తిప్పి చూపిస్తారు. ముఖద్వారం పైన పందొమ్మిదో శతాబ్దపు హంగేరీ సంగీతకర్త ఫ్రాంజ్ లిస్ట్ విగ్రహం, కుర్చీలో కూర్చుని కిందికి చూస్తూ ఉంటుంది. లోపల హాలు ముందున్న గదుల గోడలు, స్తంభాలు నెమలికంఠం రంగు పెంకులతో మెరుస్తుంటాయి. లిస్ట్ ఈ సంస్థను 1875లో పెట్టాడు. ఇప్పుడున్న భవనం 1907లో తెరిచారు. అదే ఏడాది కొదాయ్ ఇక్కడ పంతులుగా చేరాడు. అప్పటికి ఇంకా పాతికేళ్లు నిండలేదు.

లిస్ట్ విగ్రహం కింద నిలబడి మా అమ్మాయికి నాకు తెలిసిన ఒక ముచ్చట చెప్పాను. పాశ్చాత్య సంగీతంలో "హంగేరియన్ మైనర్" అని ఒక స్వరక్రమం ఉంది. మన లెక్కలో అది అచ్చంగా సింహేంద్రమధ్యమం. ఊళ్లలో హోటళ్ల దగ్గర రోమా (జిప్సీ) బ్యాండ్లు వాయించే ఆ బాణీలే హంగేరీ అసలు సంగీతమని లోకం అనుకుంది. లిస్ట్ 1859లో ఆ మాట మీద పుస్తకమే రాశాడు. కొదాయ్, ఆయన స్నేహితుడు, సంగీతకర్త బార్తోక్ పల్లెలకెళ్లి రైతుల నోట పాటలు విన్నాక తేలిందేమిటంటే, ఆ బ్యాండ్ల పాటల్లో చాలా వరకు పట్నం దొరలు కట్టినవి. పల్లెల్లో ముసలివాళ్లు పాడే పాత పాటలది వేరే దారి. వాటిలో ఉన్నవి ఐదే స్వరాలు.

ఏ ఐదు? స గ మ ప ని. చిన్న గాంధారం, చిన్న నిషాదం. మన శుద్ధ ధన్యాసి! "భావములోనా బాహ్యమునందునూ" అని పాడుకుంటే చాలు, ఆ స్వరాల బాట తెలిసిపోతుంది. గమకాలు, నడక మనవి కావు, అదలా ఉంచండి. కానీ మెట్లు అవే. పైగా ఆ పాటల్లో చాలావాటికి ఒక అలవాటుంది: పై స్థాయిలో పాడిన రెండు వరసలనే, పంచమం దూరం కిందికి దిగి మళ్లీ పాడతారు. మేడ మీద ఒకసారి, కింద వసారాలో ఒకసారి చెప్పినట్టు.

కొదాయ్ ఈ అకాడమీలో ప్రశాంతంగా ఏమీ పనిచేయలేదు. 1919లో కొద్ది నెలలు నడిచిన విప్లవ ప్రభుత్వం కాలంలో ఉప సంచాలకుడి పదవి తీసుకున్నాడు. ప్రభుత్వం మారగానే విచారణ, ఆపైన రెండేళ్ల పాటు పాఠాలు చెప్పకుండా పక్కన పెట్టడం. ఉద్యోగం చేసిన ఎవరికైనా ఈ కథ కొత్తగా ఉండదు. ఈయన తర్వాత తయారుచేసిన శిష్యుల్లో దొరాతి లాంటి, ఆర్కెస్ట్రాలు నడిపించే ప్రపంచ ప్రసిద్ధ కండక్టర్లున్నారు. బార్దోష్ లాయోష్, ఆదామ్ యెనో లాంటి బృందగాన గురువులున్నారు.

రాత్రి భోజనం "లెచో". టమాటా, బజ్జీ మిరపకాయల్లాంటి తెల్ల మిరపకాయలు, ఉల్లిపాయలు కలిపి మగ్గపెట్టిన కూర. సాసేజ్ వేయొద్దని ముందే చెప్పాలి. బ్రెడ్డు పక్కన పెట్టి, బ్యాగులోంచి అటుకులు తీసి నంజుకున్నాను. మా అమ్మాయి తల పట్టుకుంది.

రెండో రోజు: కొరొంద్

బుడాపెస్ట్‌లో 1896 నాటి మెట్రో ఒకటుంది. పసుపు రంగు చిన్న పెట్టెలు. నేల కింద నాలుగు మెట్లు దిగితే ప్లాట్‌ఫాం, నా మోకాళ్లకు సరిగ్గా సరిపోయింది. ఆ దారిలోనే "కొదాయ్ కొరొంద్" స్టేషన్. కొరొంద్ అంటే గుండ్రటి కూడలి. నాలుగు దిక్కులా నాలుగు పెద్ద పాత మేడలు, మధ్యలో పెద్ద చెట్లు. ఆకులు అరచేయంత ఉన్నాయి, నేలంతా రాలి ఉన్నాయి.

ఆ నాలుగు మేడల్లో ఒకదాన్లో, ఆంద్రాషి రోడ్డు మీద, 1924 నుంచి 1967లో చనిపోయేవరకు కొదాయ్ కాపురం ఉన్నాడు. ఇప్పుడది మ్యూజియం. ముందే అడిగి రమ్మంటారు, అందుకే మా అమ్మాయి వారం ముందు మెయిల్ పెట్టింది. తలుపు తీసినావిడ మమ్మల్ని చుట్టాలింటికొచ్చినవాళ్లలా లోపలికి పిలిచింది.

మ్యూజియం అనుకోకపోతే అచ్చం ఓ పెద్దాయన ఇల్లే. గోడల మీద పల్లెటూరి మట్టి పళ్లేలు, దిండ్ల మీద ఎర్ర దారంతో అల్లిన పూలు, పియానో, పుస్తకాలు. పాటలు సేకరించడానికి వెళ్లిన ఊరి నుంచల్లా ఓ కుండో, ఓ గుడ్డో తెచ్చుకున్నట్టుంది. మా నాన్న ప్రతి ఊరు నుంచీ ఒక మరచెంబు తెచ్చేవాడు. అమ్మ తిట్టేది.

ఈ ఇంట్లో ఆవిడ ఎమ్మా. కొదాయ్ కంటే దాదాపు పంతొమ్మిదేళ్లు పెద్దది. తనూ సంగీతకర్తే, పియానో వాయించేది. ఆవిడ ఇంటి కచేరీల్లోనే కొదాయ్‌కి బార్తోక్‌తో స్నేహం కుదిరింది. మొదటి భర్తను వదిలి 1910లో ఈయన్ను చేసుకుంది. 1958లో ఆవిడ పోయాక, మరుసటి సంవత్సరం డెబ్భై ఏడేళ్ల వయసులో ఈయన పంతొమ్మిదేళ్ల విద్యార్థినిని పెళ్లాడాడు. మ్యూజియం ఆవిడ ఈ మాట చాలా మామూలుగా చెప్పింది. నేను మాత్రం కాసేపు కిటికీ వైపు చూస్తూ ఉండిపోయాను. ఎంత గొప్పవాడైనా కొన్ని మనకు మింగుడు పడవు.

కిటికీలోంచి కనపడే ఆ కూడలికి 1938 నుంచి 1945 దాకా హిట్లర్ పేరుండేదట. ఎమ్మా పుట్టింది యూదు కుటుంబంలో. హిట్లర్ పేరు పెట్టుకున్న కూడలిలో ఆవిడ రోజూ కిటికీ తెరవాల్సొచ్చింది. 1944 చివర నగరాన్ని రష్యా సేనలు చుట్టుముట్టినప్పుడు ఇద్దరూ ఒక క్రైస్తవ సన్యాసినుల కాన్వెంట్ నేలమాళిగలో, తర్వాత ఒపేరా హౌస్ (సంగీత నాటకశాల) కింద తలదాచుకున్నారు. అక్కడే "మిస్సా బ్రెవిస్" అనే ప్రార్థనా సంగీతం పూర్తిచేశాడు. 1945 ఫిబ్రవరిలో దాన్ని మొదటిసారి పాడింది ఏ హాల్లోనో కాదు, ఒపేరా హౌస్‌లో జనం కోట్లు తగిలించుకునే గదిలో. ఆర్కెస్ట్రా లేదు, ఒక హార్మోనియం. ఆ మాట విన్నాక నాకు హార్మోనియం మీద గౌరవం పెరిగింది.

కానీ నేను వచ్చింది పాటల మాస్టారి కోసం. ఆ కథ 1923లో మొదలవుతుంది. బుడా, పెస్ట్ ఊళ్లు కలిసి ఒకే నగరమై యాభై ఏళ్లయిన సందర్భానికి కొదాయ్ "సాల్ముస్ హుంగారికుస్" అనే బృందగాన రచన రాశాడు. పదహారో శతాబ్దపు కవి ఒకాయన హంగేరియన్‌లోకి మార్చిన బైబిల్ 55వ కీర్తన అది. ఆ కవి కూడా కెచ్కెమేత్ వాడే. అదే కచేరీలో బార్తోక్ కొత్త రచన కూడా వాయించారు. కొదాయ్ పేరు మారుమోగింది. తర్వాత దాన్ని మళ్లీ పాడినప్పుడు ఒక మామూలు మున్సిపల్ స్కూలు మగపిల్లల చేత కూడా పాడించారు. ఆ పిల్లల గొంతులు విని, వీళ్లకోసం ఏమన్నా రాయాలనిపించి 1925లో రెండు చిన్న బృందగీతాలు రాసిచ్చాడు. అదే సమయంలో టీచర్ ట్రైనింగ్ అమ్మాయిలు విహారయాత్రలో పాడుతున్న పనికిమాలిన పాటలు ఆయన చెవిన పడ్డాయట. రేపు వీళ్లే కదా పిల్లలకు నేర్పేది అని బెంగ పట్టుకుంది.

1929లో రాసిన ఒక వ్యాసంలో ఆయన అన్న మాట నాకు కంఠతా వచ్చు: కిష్వార్దా లాంటి చిన్న ఊళ్లో పాటల టీచరు ఎవరన్నది, ఒపేరా హౌస్ డైరెక్టరు ఎవరన్నదాని కంటే ముఖ్యం. ఎందుకంటే డైరెక్టరు బాగా లేకపోతే వెంటనే దిగిపోతాడు. టీచరు బాగా లేకపోతే ముప్పై ఏళ్ల పాటు ముప్పై బ్యాచ్‌ల పిల్లల్లో పాట మీద ఇష్టాన్ని చంపేస్తాడు. నేను సర్వీసు చేసింది ముప్పై రెండేళ్లు.

మూడో రోజు: కెచ్కెమేత్

న్యుగతి స్టేషన్ నుంచి గంటా ఇరవై నిమిషాలు. బయట ఇసుక నేల, ద్రాక్ష తోటలు, నేరేడు రంగు మబ్బులు. కెచ్కెమేత్ ఆప్రికాట్‌లకు ప్రసిద్ధి, ఆ పండుతో చేసే సారాకి ఇంకా ప్రసిద్ధి. మా అమ్మాయి చిన్న సీసా కొంది. నేను చూడనట్టు ఊరుకున్నాను.

స్టేషన్‌లో దిగి ప్లాట్‌ఫాం మీద కాసేపు ఊరికే నిలబడ్డాను. గూడ్స్ బళ్లు, గంట, పాయింట్లు మార్చే చప్పుడు. పుట్టగానే ఆ పిల్లవాడి చెవిలో పడ్డ మొదటి తాళం ఇదే కదా. దొనకొండలో మాకు రాత్రి పదకొండు గంటల బండి వెళ్తే గానీ నిద్ర పట్టేది కాదు.

ఊరి టౌన్‌హాల్ రంగురంగుల పెంకులతో కట్టారు. దాని గంటలు పాటలు మోగిస్తాయి, వాటిలో కొదాయ్ బాణీలూ ఉంటాయి. దాని దగ్గర్లోనే కొదాయ్ ఇన్‌స్టిట్యూట్. పాత ఫ్రాన్సిస్కన్ మఠాన్ని బాగుచేసి 1975లో తెరిచారు. ఏ దేశం నుంచైనా టీచర్లు వచ్చి ఇక్కడ చదువుకోవచ్చు. మా అమ్మాయి స్నేహితురాలికి తెలిసిన ఒక చైనా అమ్మాయి అక్కడ చదువుతోంది. క్లాసులోకి తీసుకెళ్లలేను గానీ, లంచ్ టైంలో కలుస్తాను అంది.

మఠం లోపల పొడుగాటి వసారా, మందపాటి తెల్ల గోడలు, కమాను కిటికీలు. ఒక్కో తలుపు వెనక నుంచి ఒక్కో గొంతు. ఇన్‌స్ట్రుమెంట్ల చప్పుడు నేననుకున్నంత లేదు, గొంతులే. కొదాయ్ పట్టుదల అదే. పియానో కొనలేని ఇల్లుంటుంది గానీ గొంతు లేని పిల్లవాడుండడు, ముందు పాట, తర్వాతే వాయిద్యం.

ఆ అమ్మాయి కూర్చోబెట్టి నాకు చేతి గుర్తులు నేర్పింది. ఇవి కొదాయ్ కనిపెట్టినవి కావు. ఇంగ్లండ్‌లో పందొమ్మిదో శతాబ్దంలో జాన్ కర్వెన్ అనే ఆయన వాడినవి. కొదాయ్ ఇంగ్లండ్ వెళ్లినప్పుడు అక్కడి బృందగానం చూసి ముచ్చటపడ్డాడు. "దో" అంటే పిడికిలి, నడుం ఎత్తున. "రే" అంటే అరచేయి వాలుగా, గుట్ట ఎక్కుతున్నట్టు. "మి" అంటే బల్ల మీద పెట్టినట్టు చదునుగా. "ఫా" బొటనవేలు కిందికి. "సో" అంటే అరచేయి మనవైపు తిప్పి నిలువుగా. "లా" మణికట్టు దగ్గర నుంచి వేలాడినట్టు. "తి" చూపుడువేలు పైకి. మళ్లీ పై "దో" పిడికిలి, నుదుటి ఎత్తున. స్వరం ఎంత పైకెళ్తే చెయ్యి అంత పైకెళ్తుంది. కంటికి కనపడని ఎత్తుపల్లాలు పిల్లవాడికి చేతిలో తెలుస్తాయి.

ఇక్కడ "దో" ఏ శ్రుతిలో అయినా ఉండొచ్చు. మన షడ్జమం లాగే, ఎవరి గొంతుకు సరిపోయిన చోట వాళ్లు పెట్టుకోవచ్చు. ఫ్రాన్స్, ఇటలీ లాంటి చాలా దేశాల్లో దో అంటే ఒకే ఒక్క మెట్టు, కదలదు. "మాకు ఎప్పుడూ కదులుతుంది" అని నేనన్నాను. ఆ అమ్మాయికి ఆసక్తి కలిగి, మీ మొదటి పాఠం పాడమంది. నాకు పదో ఏట క్వార్టర్స్ పక్కింటి మామ్మగారు నేర్పిన సరళీ వరస పాడాను. స రి గ మ ప ద ని స, మాయామాళవగౌళ.

ఆ అమ్మాయి చెయ్యి రెండో స్వరం దగ్గరే ఆగిపోయింది. మళ్లీ పాడమంది. సరి, గమ, పద, నిస, నాలుగు చోట్ల అర మెట్లు. "ఇది పిల్లల మొదటి పాఠమా?" అంది కళ్లు పెద్దవి చేసుకుని. వాళ్లు మొదలుపెట్టేది రెండే రెండు స్వరాలతో: సో, మి. పిల్లలు ఒకరినొకరు పిలుచుకునేటప్పుడు గొంతులో దానంతటదే పలికే ఎడం. తర్వాత లా. తర్వాత దో, రే. ఆ ఐదూ స్థిరపడితే అది మన మోహనం. అర మెట్లు ఆ తర్వాతే, ఎందుకంటే చిన్నపిల్లల గొంతుకు అవి కష్టం.

పురందరదాసుల వారి పద్ధతిని తప్పుపట్టేంత దాన్ని కాదు. గొంతును లొంగదీయడానికి ఆ రాగం ఎంత గట్టి కసరత్తో తెలుసు. కానీ సంగీతం నేర్వడానికి వచ్చే పిల్ల వేరు, స్కూల్లో కూర్చున్న అరవై మంది వేరు. వాళ్లకు మన దగ్గర సో-మి లాంటిది లేదా? ఉంది. "చెమ్మచెక్కా చారడేసి మొగ్గా" రెండు మూడు స్వరాల్లోనే తిరుగుతుంది. "ఒప్పులకుప్పా వయ్యారిభామా" కూడా. దాన్ని పాఠం అనుకోలేదు, అంతే. లయకు కూడా వాళ్లు "టా, టి-టి" అంటారు. మనకు తక, తకిట, తకధిమి అని పెద్ద సంసారమే ఉంది.

తర్వాత ఆ అమ్మాయి ఒక ఆట చూపించింది. చేతి గుర్తులు వేస్తూ పాడుతుంది. మధ్యలో గొంతు ఆపేస్తుంది గానీ చెయ్యి ఆపదు. నాలుగు స్వరాలు చేత్తోనే నడిచి, ఐదో దగ్గర గొంతు విప్పితే సరిగ్గా అక్కడే, చెక్కు చెదరకుండా పలికింది. గొంతు ఆగినా పాట లోపల నడుస్తూనే ఉంటుంది, పిల్లలకు ఈ లోపలి వినికిడే అసలు నేర్పాల్సింది అంది. పెదవులు మూసి ఉన్నాయి, కళ్లలో పాట ఉంది.

నాకు అప్పుడు ఏసుబాబు గుర్తొచ్చాడు. ఎనిమిదో తరగతి. ఆగస్టు పదిహేనుకు ఎవరో పెద్దాఫీసరు వస్తున్నారని బృందగానం ప్రాక్టీస్ చేయిస్తున్నాను. వీడి గొంతు అందరికంటే గట్టిది, శ్రుతి ఎటో పోయేది. నాకు టెన్షన్. "నువ్వు పాడొద్దురా, పెదాలు ఆడించు చాలు" అన్నాను. తలూపాడు. ఆ రోజు వెనక వరసలో నిలబడి చాలా శ్రద్ధగా పెదాలు ఆడించాడు. మంచి మార్కులొచ్చినట్టు నా వైపు చూశాడు కూడా. ఆ తర్వాత ఏ పాటలోనూ వాడి గొంతు నాకు వినపడలేదు. అప్పట్లో నేను దాన్ని క్రమశిక్షణ అనుకున్నాను.

1950లో ఈ ఊళ్లోనే నెమెశ్సెగి మార్తా అనే టీచరమ్మ పట్టుబట్టి, రోజూ పాట పీరియడ్ ఉండే ప్రాథమిక పాఠశాల ఒకటి మొదలుపెట్టింది. అది సంగీత పాఠశాల కాదు, లెక్కలు, సైన్సూ అన్నీ ఉన్న మామూలు బడి. తర్వాత దేశంలో అలాంటివి వందకు పైగా వచ్చాయి. 1964లో బుడాపెస్ట్‌లో సంగీత ఉపాధ్యాయుల అంతర్జాతీయ సభ జరిగినప్పుడు ఆ పిల్లలు పాడింది విని ప్రపంచం ఇటు తిరిగింది. ఒక్కమాట: దీన్ని కొదాయ్ పద్ధతి అంటారు గానీ పాఠం పాఠంగా అల్లింది ఆదామ్ యెనో లాంటి శిష్యులు, మార్తా లాంటి టీచర్లు. ఆయన పాటలు రాసిచ్చాడు, వ్యాసాలు రాశాడు, మంత్రుల వెంటపడ్డాడు. మా స్కూల్లో మ్యూజిక్ పీరియడ్ టైంటేబుల్లో ఉండేది. పబ్లిక్ పరీక్షలు దగ్గరపడితే లెక్కల మాస్టారు పట్టుకుపోయేవారు. ఇచ్చింది నేనే.

నాలుగో రోజు

పొద్దుటి నుంచి వాన. 59వ నెంబర్ ట్రామెక్కి ఫర్కష్రేత్ శ్మశానానికి వెళ్లాం. కొదాయ్ ఇక్కడే ఉన్నాడు. అమెరికాలో 1945లో చనిపోయిన బార్తోక్‌ను 1988లో తెచ్చి ఇక్కడే పెట్టారు. కలిసి పల్లెలు తిరిగిన ఇద్దరూ ఒకే గుట్ట మీదికి చేరారు. బయట పూల దుకాణంలో చామంతులు కొన్నాను, మన చామంతులే. గొడుగు తిరగబడి సగం తడిశాం. హోటల్‌కొచ్చి పడుకున్నాను. ఆ రోజుకి అంతే.

ఐదో రోజు: గలాంతా మీదుగా ఇంటికి

తిరుగు ప్రయాణం వేరే దారిలో పెట్టుకున్నాం, స్లొవాకియా మీదుగా. రైలు డాన్యూబ్ నది ఒడ్డునే వెళ్తుంది. అవతల కొండ మీద కోట, మంచు తెరలు. సరిహద్దు దగ్గర సొబ్ అని చిన్న స్టేషన్. కెచ్కెమేత్ తర్వాత కొదాయ్ తండ్రికి ఇక్కడికే ట్రాన్స్‌ఫర్. రైలు ఆగలేదు. తర్వాత 1885లో గలాంతాకి స్టేషన్ మాస్టరుగా వెళ్లాడు. అప్పుడది హంగేరీ. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత గీత జరిగి చెకోస్లొవాకియా అయింది. ఇప్పుడు బోర్డులు రెండు భాషల్లో ఉంటాయి.

నోవె జామ్కీలో బండి మారాలి. నేను కాఫీ కోసం వెళ్లి, చిల్లర లెక్కపెట్టుకుంటూ బండి పోగొట్టాను. స్టేషన్ మాస్టరు కూతురు రైలు పోగొట్టుకోవడం ఏంటని మా అమ్మాయి ఒకటే నవ్వు. దాంతో కొదాయ్ హైస్కూలు చదివిన ట్రనావా చూసే టైం పోయింది. అక్కడ చర్చి బృందంలో పాడేవాడట. ఇంట్లో నాన్న వయొలిన్, అమ్మ పియానో. నలుగురి వాయిద్య బృందానికి చెల్లో (పెద్ద వయొలిన్ లాంటిది) తక్కువైతే తనే పుస్తకం ముందేసుకుని నేర్చుకున్నాడు.

గలాంతా చిన్న ఊరు. పార్కు, అందులో ఎస్తర్హాజీ దొరల కోట. కొదాయ్ ఇక్కడ ఏడేళ్లు ఉన్నాడు, బాల్యంలో బెస్ట్ ఏడేళ్లు అని తనే రాసుకున్నాడు. ఆ జ్ఞాపకంతోనే 1933లో "గలాంతా నృత్యాలు" ఆర్కెస్ట్రాకి కట్టాడు. పిల్లలు రెండు గొంతులతో పాడుకునే పాఠాల పుస్తకం ముందుమాటలో, చెప్పుల్లేకుండా తనతో బడికొచ్చిన గలాంతా స్నేహితులను తలుచుకుని, మీరు గుర్తొచ్చే ఇవి రాశాను అన్నాడు. స్టేషన్ మాస్టరు కొడుక్కి చెప్పులుండి ఉంటాయి. కంభంలో నాకున్నాయి. మాదాల పాలెం నుంచి నడిచొచ్చే నా పక్క బెంచి పిల్లకు లేవు. కానీ పాటలన్నీ దాని దగ్గరే ఉండేవి: నాట్ల పాటలు, గొబ్బి పాటలు. నేను క్వార్టర్స్ పిల్లను, నా దగ్గర రేడియో ఉండేది.

1905 వేసవిలో, ఇరవై రెండేళ్ల కొదాయ్ మళ్లీ ఈ ఊరికే వచ్చాడు. చుట్టుపక్కల పల్లెలు నడిచి తిరుగుతూ పాటలు రాసుకోవడం ఇక్కడే మొదలుపెట్టాడు. తర్వాత మైనపు సిలిండర్ల మీద గొంతులు రికార్డు చేసుకునే ఫోనోగ్రాఫ్ మోసుకుని బార్తోక్‌తో కలిసి ఊళ్లు పంచుకున్నాడు. మన దగ్గర నేదునూరి గంగాధరం గారు, బిరుదురాజు రామరాజు గారు ఇలాంటి పనికే ఒళ్లు హూనం చేసుకున్నారు. వాళ్ల పుణ్యాన మాటలు దక్కాయి. ఆ పాటల వరసలు, అవి స్కూలు పుస్తకంలోకి రావడం, అది మాత్రం ఇక్కడిలా జరగలేదు.

సాయంత్రం బ్రాటిస్లావా బండి కోసం గలాంతా ప్లాట్‌ఫాం బెంచీ మీద కూర్చున్నాం. చలి. ఎదుట పట్టాల మీద గూడ్స్ బండి ఆగి ఉంది. మా అమ్మాయి ఫోన్ చూసుకుంటోంది. ఎవరూ వినట్లేదని చూసుకుని, చేత్తో సో వేసి, మి వేసి, "చెమ్మచెక్కా" అని మెల్లగా అన్నాను. మొదటి రెండు అక్షరాలకు చెయ్యి కుదిరింది. "చారడేసి" దగ్గర లా కావాలో మళ్లీ సో కావాలో తేలక ఆగిపోయాను.

"లా" అంది మా అమ్మాయి, ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే.

బండెక్కాక మా పాత స్కూలు పిల్లల వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ పెట్టాను: ఎవరి దగ్గరైనా ఏసుబాబు నంబర్ ఉందా? ఇండియాలో అప్పుడు రాత్రి పది దాటింది, అయినా ఐదు నిమిషాల్లో జవాబొచ్చింది. "ఉంది మేడం, మార్కాపురంలోనే ఉంటాడు. పంపిస్తున్నా. ఏం పని మేడం?"

బ్రాటిస్లావాలో బండి మారాం. వియన్నా చేరేదాకా ఆ ప్రశ్న కింద ఏం రాయాలో తోచలేదు.